గోరింటాకు ఎర్రగా పండాలంటే

ఆషాఢం వచ్చింది. తొలకరి వానలు పడ్డాయి. పెరళ్ళలో, కంచెల వెంట గోరింట చెట్లు కొత్త చిగుళ్ళు వేశాయి. ఇంకేముంది! ఆడపిల్లలు గిన్నెలు పట్టుకుని బయలుదేరతారు. ఒకరు కొమ్మ వంచుతారు. ఒకరు ఆకు దూస్తారు. సాయంత్రం అయ్యేసరికి రోటి దగ్గర ఒకటే సందడి.

ఈ ఆకుకు మన దగ్గరే రెండు మూడు పేర్లు ఉన్నాయి. కొన్ని చోట్ల గోరంటాకు అంటారు. కొన్ని చోట్ల మైదాకు అంటారు. ఉర్దూ మాట్లాడేవాళ్ళు మెహందీ అంటారు. తమిళనాడులో మరుదాణి అంటారు. పేరు ఏదైనా చెట్టు ఒకటే. ఆషాఢంలో పెట్టుకుంటారు. అట్లతద్దికి ముందురోజు పెట్టుకుంటారు. రంజాన్ నెలవంక కనబడిన రాత్రి పెట్టుకుంటారు. పెళ్ళికి సరేసరి.

అందరూ పెట్టుకుంటారు. కానీ అందరికీ ఒకేలాగ పండదు. ఒకరికి మందారంలాగ పండుతుంది. ఇంకొకరికి పసుపు పూసినట్టు తేలిపోతుంది. బాగా పండితే మంచి మొగుడు వస్తాడని ఆటపట్టిస్తారు. పండని పిల్ల మొహం చిన్నబుచ్చుకుంటుంది. పాపం, రాబోయే మొగుడికీ దీనికీ ఏం సంబంధం? లోపం ఆకులో ఉండవచ్చు. నూరడంలో ఉండవచ్చు. చేతికి ఉంచిన గంటల్లో ఉండవచ్చు. వీటిలో చాలా భాగం మన చేతిలోనే ఉంది.

పచ్చని ఆకులో ఎర్రని రంగు

ఆకు పచ్చగా ఉంటుంది. చేయి ఎర్రగా పండుతుంది. ఈ ఎరుపు ఎక్కడిది?

గోరింటాకులో ఒక రంగు పదార్థం ఉంది. దాని పేరు లాసోన్. అది ఆకులో విడిగా ఉండదు. వేరే పదార్థంతో కలిసి దాక్కుని ఉంటుంది. ఆకు నలిగితేనే బయటకు వస్తుంది. కొంచెం పులుపు తగిలితే ఇంకా బాగా నిలుస్తుంది. మన పెద్దవాళ్ళు ఆకులో చింతపండు వేసి నూరేవాళ్ళు. కొందరు నిమ్మరసం పిండేవాళ్ళు. లాసోన్ అనే పేరు వాళ్ళకు తెలియదు. పని మాత్రం తెలుసు.

మన గోళ్ళు, వెంట్రుకలు, చర్మం పైపొర ఒకే రకం మాంసకృత్తుతో తయారవుతాయి. దాన్ని కెరాటిన్ అంటారు. గోరింటాకు రంగు ఈ కెరాటిన్‌ను పట్టుకుంటుంది. గోడకు సున్నం వేసినట్టు పైన పూత కాదు ఇది. లోపలికి దిగి అతుక్కుంటుంది. అందుకే సబ్బుతో కడిగినా ఒక్కసారిగా పోదు.

కెరాటిన్ ఎక్కడ మందంగా ఉంటే అక్కడ రంగు ఎక్కువ పడుతుంది. అరచేయి, అరికాలు, గోళ్ళు బాగా పండేది ఇందుకే. మోచేతి మీద, మణికట్టు మీద చర్మం పలచన. అక్కడ ఎంతసేపు ఉంచినా లేత రంగే వస్తుంది.

"అమ్మమ్మా, చేతి మీద చందమామ పదిహేను రోజులకే పోయింది. గోళ్ళకు మాత్రం ఇంకా ఉందేంటి?" అని అడుగుతుంది మనవరాలు.

"చర్మం పొట్టు రాలుతుందే తల్లీ. గోరు రాలదు కదా. పెరుగుతుంది. మొదట్లో తెల్లగా కొత్త గోరు వస్తుంది చూడు. రంగు పైకి జరుగుతుంది."

అమ్మమ్మ చెప్పింది నిజమే. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. గోరు మొత్తం మారడానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది. కాలిగోరుకు ఏడాది పైనే పడుతుంది. ఆషాఢంలో పెట్టిన రంగు బతుకమ్మ పండుగకు కూడా గోటి చివర మిగిలి ఉంటుంది.

ఆకు కోసేటప్పుడు

ముదురు ఆకు కన్నా లేత ఆకులో, దాని కాడలో రంగు ఎక్కువ. వానలు మొదలవగానే చెట్టు గబగబా చిగురు వేస్తుంది. ఆషాఢం అప్పుడే వస్తుంది. ఆచారం, చెట్టు రెండూ ఒకే సమయానికి కలిశాయి.

ఆకులో పుల్లలు, పండాకులు ఏరివేయాలి. దుమ్ము ఉంటే ఒకసారి నీళ్ళలో జాడించి గుడ్డ మీద ఆరబెట్టాలి. నీళ్ళు కారుతూ నూరితే ముద్ద పలచన అవుతుంది. ఇద్దరికి చేతులకు పెట్టాలంటే నాలుగైదు గుప్పెళ్ళ ఆకు ఉండాలి. నూరేసరికి అది చాలా తగ్గిపోతుంది.

ఆకు దొరకనివాళ్ళు పొడి కొంటారు. రాజస్థాన్‌లో పాలీ జిల్లాలో సోజత్ అనే ఊరు ఉంది. అక్కడ గోరింటను పొలాల్లో పంటగా వేస్తారు. మన కొట్లకు వచ్చే పొడి చాలావరకు ఆ వైపు నుంచే వస్తుంది. 2021లో సోజత్ మెహందీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పొడి కొనేటప్పుడు రంగు చూడాలి. మంచి పొడి ఆకుపచ్చగా ఉంటుంది. ఎండుగడ్డి వాసన వస్తుంది. గోధుమ రంగుకు తిరిగితే పాతదని అర్థం. అది సరిగా పండదు. నల్లగా ఉంటే కొనవద్దు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

నూరడం

అసలు కిటుకు ఇక్కడ ఉంది. ఆకు వెన్నలాగ మెత్తగా నలగాలి. నలగని ఆకులో రంగు లోపలే ఉండిపోతుంది. బరకగా ఉన్న ముద్ద గోటికి అంటుకోదు. మధ్యలో ఖాళీ వస్తుంది. ఖాళీ ఉన్నచోట రంగు పడదు. అక్కడ తెల్ల మచ్చ మిగులుతుంది.

నాలుగైదు గుప్పెళ్ళ ఆకుకు చిన్న ఉసిరికాయంత చింతపండు చాలు. ఒక వక్క నలగ్గొట్టి వేస్తారు. కొంచెం కాచు కూడా వేస్తారు. వక్కలో, కాచులో వగరు ఉంటుంది. వాటికి సొంత రంగు కూడా కొంత ఉంటుంది. చిక్కటి టీ డికాషన్ నాలుగు చెంచాలు పోసి నూరేవాళ్ళూ ఉన్నారు. ఇవన్నీ ఉంటే మంచిది. లేకపోయినా ఆకు మంచిదైతే, మెత్తగా నూరితే పండుతుంది.

రోటిలో నూరితే పొత్రం చివర నుంచి కర్రతో ముద్దను తోయాలి. చేత్తో తోస్తే నూరినవాళ్ళ చేయి ముందే పండిపోతుంది. ఆ చేతికి ఇక చందమామ లేదు, చుక్కలు లేవు. మొత్తం ఎరుపే. ఇప్పుడు చాలామంది మిక్సీలో వేస్తున్నారు. తప్పు లేదు. నీళ్ళు మాత్రం చెంచాతో కొలిచి పోయాలి. పలచన అయితే ముద్ద గోటి మీద నిలవదు, జారిపోతుంది.

నూరిన ముద్దను ఒక గంట మూత పెట్టి ఉంచాలి. పొడి అయితే ఇంకా ఎక్కువసేపు నానాలి. నిమ్మరసం కలిపిన నీళ్ళతో తడపాలి. ఎండాకాలం నాలుగు గంటలు, చలికాలం రాత్రంతా నానబెట్టాలి. నానిందని ఎలా తెలుస్తుంది? ముద్ద పైభాగం గోధుమ రంగుకు తిరుగుతుంది. వేలితో కదిపితే లోపల పచ్చగా ఉంటుంది. అప్పుడు రంగు దిగినట్టు.

కొందరు బాగా పండాలని కిరసనాయిలు కలుపుతారు. కొందరు పండిన చేతికి సున్నం రాస్తారు. సున్నం రాస్తే రంగు ముదురుతుంది, నిజమే. కానీ చర్మం పొక్కుతుంది. కిరసనాయిలు కూడా అంతే, చర్మాన్ని మండిస్తుంది. కొంచెం ఎరుపు ఎక్కువ వస్తుందని చేయి పొక్కించుకోవడం ఏం లాభసాటి బేరం?

పెట్టడం, ఉంచడం

పెట్టేముందు గోళ్ళు కత్తిరించుకోవాలి. గోటి కింద మట్టి తీసేయాలి. సబ్బుతో చేతులు కడిగి తుడుచుకోవాలి. జిడ్డు ఉంటే రంగు దిగదు. తలకు నూనె రాసిన చేత్తో గోరింటాకు పెట్టుకుంటే పాలిపోయినట్టు పండుతుంది. గోళ్ళ రంగు వేసుకుని ఉంటే దాన్ని పూర్తిగా తీయాలి. ఆ పూత అడ్డుగోడలాగ ఉంటుంది.

గోటి మొదట్లో సన్నని చర్మపు పొర ఉంటుంది. అది అందంగా లేదని కొందరు బ్లేడుతో కోస్తారు. కోయకూడదు. ఆ పొర గోటికి తలుపులాంటిది. తలుపు తీస్తే క్రిములు లోపలికి పోతాయి. గోరుచుట్టు వస్తుంది.

ముద్దను ఉండ చేసి వేలి కొసకు టోపీలాగ తొడగాలి. గోటి పక్కల కూడా నొక్కాలి. మందంగా పెట్టాలి. పలచగా పెడితే త్వరగా ఎండిపోతుంది. ఎండిన ముద్ద నుంచి రంగు దిగదు. ఎండుతున్నట్టు అనిపిస్తే నిమ్మరసంలో కొంచెం పంచదార కలిపి దూదితో అద్దాలి. తడి నిలుస్తుంది. ముద్ద రాలిపోకుండా పట్టుకుంటుంది.

కొందరు పైన ఆకు చుట్టి దారం కడతారు. వెచ్చగా ఉంటే బాగా పండుతుంది కాబట్టి ఇది మంచి పద్ధతే. కానీ దారం బిగించకూడదు. నిద్రలో వేలు ఉబ్బుతుంది. రక్తం ఆడదు. పసిపిల్లలకు, చిన్నపిల్లలకు దారం అసలు కట్టవద్దు.

కనీసం ఐదారు గంటలు ఉంచాలి. రాత్రంతా ఉంచితే ఇంకా మంచిది. ఇక్కడే ఆడవాళ్ళకు ఒక చిక్కు వస్తుంది.

"ఇప్పుడే పెట్టుకుంటే రాత్రి గిన్నెలు ఎవరు తోముతారు అత్తయ్యా?" అంటుంది కోడలు.

"వాడు లేడూ? ఏరా, ఒక్క పూట తోమితే నీ చేతులు అరిగిపోతాయా?" అంటుంది అత్త కొడుకు వైపు తిరిగి.

ఆ కొడుకు గిన్నెలు తోమితే కోడలి చేయి పండినట్టే. తోమకపోతే ఆమె పని ముగించుకుని పది గంటలకు పెట్టుకోవాలి. నాలుగు గంటలకు లేచి కడుక్కోవాలి. సగమే పండుతుంది. చాలా ఇళ్ళలో గోరింటాకు పండకపోవడానికి కారణం ఆకు కాదు, ఈ గిన్నెలే!

పొద్దున నీళ్ళతో కడగవద్దు. ఎండిన ముద్దను గీకి రాల్చాలి. చేతికి కొబ్బరి నూనె రాయాలి. అప్పటికి రంగు నారింజ పండులాగ ఉంటుంది. చూసి దిగులు పడనక్కరలేదు. గాలి తగిలిన కొద్దీ ముదురుతుంది. ఒకటి రెండు రోజుల్లో అసలు ఎరుపు తేలుతుంది. ఆ రోజు మాత్రం సబ్బు నీళ్ళకు, బట్టల సోడాకు దూరంగా ఉండాలి. అందుకే పెళ్ళికి రెండు రోజుల ముందు పెట్టుకోవాలి. ముందురాత్రి పెట్టుకుంటే పీటల మీద నారింజ రంగే ఉంటుంది.

నల్ల కోను

పెళ్ళి రేపు ఉదయం. అప్పటిదాకా పనుల్లో ఎవరికీ తీరలేదు. పెళ్ళికూతురి చెల్లెలు బజారుకు వెళ్ళి ఒక కోను తెచ్చింది. "ఇది పది నిమిషాల్లో నల్లగా పండుద్దంట అక్కా" అంది. ఇద్దరూ పెట్టుకున్నారు. నిజంగానే గంటలో నల్లగా పండింది. అందరూ మెచ్చుకున్నారు. పెళ్ళయిన మూడో రోజు చెల్లెలి చేయి దురద పెట్టింది. తరువాత గీసిన గీతల వెంటే పొక్కులు లేచాయి. అక్కకు ఏమీ కాలేదు. ఇలాంటివి ఎక్కడైనా జరుగుతున్నాయి.

ఎందుకిలా? గోరింటాకుకు నలుపు రంగు లేదు. పది నిమిషాల్లో పండే గుణమూ లేదు. నారింజ, ఎరుపు, ముదురు ఎరుపు, ఇవే దాని రంగులు. నల్లగా, వెంటనే పండిందంటే అందులో వేరే మందు కలిసిందన్నమాట. చాలాసార్లు అది జుట్టుకు వేసే నల్లరంగులో ఉండే రసాయనం. దాని పేరు పారాఫినైలిన్ డయమీన్. పొట్టిగా పీపీడీ అంటారు. జుట్టు రంగులో దీన్ని కొలత ప్రకారం వాడతారు. చర్మం మీద పూయడానికి అది పనికిరాదు.

ఇది అందరికీ పడకపోవడం అంటూ ఉండదు. కొందరికి ఏమీ కాదు. కొందరికి దురద, వాపు, నీటిపొక్కులు వస్తాయి. వెంటనే రాకపోవచ్చు. వారం, పది రోజులకు కూడా రావచ్చు. మానిన తరువాత మచ్చ ఉండిపోవచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకసారి పడకపోతే ఒళ్ళు ఆ మందును గుర్తుపెట్టుకుంటుంది. ఇరవై ఏళ్ళ తరువాత తెల్ల జుట్టుకు రంగు వేసుకున్నా మొహం, కళ్ళు వాచిపోవచ్చు. నాలుగు రోజుల ముచ్చట జన్మంతా వెంటాడుతుంది.

అందుకని కోను కొనేటప్పుడు మూడు సంగతులు చూడాలి. ఏమేం కలిపారో దాని మీద రాసి ఉందా? ఇప్పుడు చదవడం వచ్చింది కదా, తిప్పి చదవాలి. నల్లగా పండుతుందని, నిమిషాల్లో పండుతుందని రాశారా? అయితే వద్దు. నెలల తరబడి అరలో ఉన్నా చెడకుండా ఉందా? నూరిన ఆకు ముద్ద మన ఇంట్లో రెండో రోజుకే పాడవుతుంది. కొట్లో కోను అన్ని నెలలు ఎలా ఆగింది? అందులో ఏదో కలిపారు. అదేమిటో రాయకపోతే అనుమానించాలి.

ఇంట్లో కోను చేసుకోవడం ఏమీ కష్టం కాదు. మెత్తటి ముద్దను పలచటి గుడ్డలో వడకట్టాలి. ప్లాస్టిక్ కాగితాన్ని పొట్లంలాగ చుట్టి అందులో నింపాలి. కొసన సూది మొన అంత తెగ్గోయాలి. అంతే. ఈ పని బాగా వచ్చిన ఆడవాళ్ళు పెళ్ళిళ్ళ రోజుల్లో చేతులకు పెట్టి కూలి సంపాదిస్తున్నారు.

పొక్కులు వస్తే చిదమవద్దు. పసుపు, సున్నం, పేస్టు పూయవద్దు. చల్లటి నీళ్ళతో కడగాలి. ఆసుపత్రికి వెళ్ళి ఏం పెట్టుకున్నారో చెప్పాలి. కోను కవరు ఉంటే తీసుకెళ్ళాలి. జుట్టు రంగు పొడిని గోరింటాకులో కలపడం కొన్ని ఇళ్ళలో అలవాటు. మానుకోవాలి. ఆ పొడి కడుపులోకి పోతే ప్రాణం మీదకు వస్తుంది. పిల్లలకు అందేచోట పెట్టకూడదు.

ఎవరికి వద్దు

అసలైన గోరింటాకు కూడా పసిబిడ్డలకు పెట్టకూడదు. పుట్టుకతోనే కొందరి రక్తంలో ఒక లోపం ఉంటుంది. దాన్ని జీ-6-పీడీ లోపం అంటారు. చూస్తే తెలియదు. అలాంటి పిల్లలకు గోరింటాకు పూస్తే రంగు చర్మం గుండా లోపలికి పోతుంది. ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. పెట్టిన ఒకటి రెండు రోజుల్లో బిడ్డ పాలిపోతే, కళ్ళు పచ్చబడితే, మూత్రం టీ రంగులో వస్తే ఆలస్యం చేయకూడదు. వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పురిటి బిడ్డ అరికాళ్ళకు ముచ్చటగా పెట్టే అలవాటు ఉన్నవాళ్ళు దీన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి. ఇంట్లో ఎవరికైనా ఈ లోపం ఉందని డాక్టరు చెప్పి ఉంటే వాళ్ళు ఏ వయసులోనూ పెట్టుకోకూడదు.

గర్భిణీలు అసలైన ఆకు పెట్టుకోవచ్చు. ఒక సంగతి మాత్రం ఉంది. రక్తం తక్కువగా ఉందేమోనని నర్సమ్మ గోళ్ళు చూస్తుంది. ఎర్రగా పండిన గోటి కింద పాలిపోయిన రంగు కనబడదు. అందుకని కంటి రెప్ప కింద, నాలుక మీద కూడా చూడమని అడగాలి. రక్త పరీక్ష చేయించుకుంటే అసలు అనుమానమే ఉండదు. ఆపరేషన్ ఉన్నవాళ్ళు కూడా ముందుగా అడగాలి. మామూలు గోళ్ళ రంగు అయితే తుడిస్తే పోతుంది. గోరింటాకు పోదు కదా.

నాట్ల రోజుల్లో ఆడవాళ్ళు పొద్దస్తమానం బురదనీళ్ళలో ఉంటారు. వేళ్ళ సందులు ఒరుస్తాయి. గోళ్ళు పుచ్చుతాయి. గోరింటాకు పెడితే ఇవి రావని అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. బూజు జాతి క్రిములను ఈ రంగు అడ్డుకుంటుందని పరీక్షల్లో తేలింది. కానీ అప్పటికే చీము పట్టిన గోరుచుట్టుకు ఇది మందు కాదు. పైగా చీము మీద ముద్ద పెట్టి కట్టేస్తే లోపల ఇంకా ముదురుతుంది. మడి నుంచి రాగానే మంచినీళ్ళతో కాళ్ళు చేతులు కడిగి వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోవాలి. రాత్రికి నూనె రాసుకోవాలి. దీనివల్ల ఎక్కువ మేలు.

అతికించే గోళ్ళు

ఈ మధ్య ఫ్యాన్సీ షాపుల్లో ప్లాస్టిక్ గోళ్ళు అమ్ముతున్నారు. పొడుగ్గా, రంగులతో ఉంటాయి. పెళ్ళిళ్ళకు ఆడపిల్లలు సరదాగా పెట్టుకుంటున్నారు. ఒక్క పూటకు పెట్టుకోవచ్చు. గోటికి సరిపడా కొలత ఎంచుకోవాలి. పెద్దది పెడితే పక్క చర్మానికి తగిలి లేస్తుంది. గోరు శుభ్రంగా, పొడిగా ఉండాలి. జిగురు ఒక్క చుక్క చాలు. గోటి మొదలు నుంచి చివరకు వంచి, అర నిమిషం నొక్కి పట్టుకోవాలి.

వాటితో పొయ్యి దగ్గరకు పోకూడదు. ప్లాస్టిక్ మంటకు అంటుకుంటుంది. పిండి కలిపితే ఊడి పిండిలో పడుతుంది. తీసేటప్పుడు పీకకూడదు. పీకితే అసలు గోటి పొర కూడా లేచి వస్తుంది. గోరువెచ్చని సబ్బు నీళ్ళలో పావుగంట నానబెట్టి, పక్కల నూనె వేసి, నెమ్మదిగా కదపాలి. రాకపోతే మళ్ళీ నానబెట్టాలి. ఆ జిగురు నూలు బట్ట మీద పడితే బట్ట కాలేంత వేడి పుడుతుంది. ఒంటి మీద చీర ఉండగా జిగురు ఒలికితే ఒళ్ళు కాలుతుంది. పళ్ళెంలో పెట్టుకుని పని చేయాలి.

ఇక ఏటా ఆకు కోసం ఊరంతా తిరగనక్కరలేకుండా ఒక చెట్టు వేసుకోవచ్చు. పెద్ద స్థలం అవసరం లేదు. నీళ్ళ తొట్టి పక్కన జానెడు చోటు చాలు. వానలు పడుతుండగా పెన్సిలు మందం కొమ్మను జానెడు పొడుగు కోసి సగం భూమిలో గుచ్చాలి. ఒకటి పెడితే చచ్చిపోవచ్చు, నాలుగు పెట్టాలి. వేరు పట్టేదాకా తడి ఆరకుండా చూడాలి. తరువాత ఎండను బాగా తట్టుకుంటుంది. నీడలో పెడితే సాగిపోతుంది, ఆకు తక్కువ. కొమ్మలు కత్తిరించిన కొద్దీ గుబురుగా వస్తుంది. చెట్టు ముదిరితే కొమ్మల చివర ముళ్ళు దేరతాయి. పిల్లల చేత ఆకు దూయించేటప్పుడు ముందు ఆ కొమ్మలు పక్కకు వంచి పట్టుకోవాలి.